అమ్మమ్మ చీరలతో బొంత: పని డైరీ

సంక్రాంతి తర్వాత: లెక్క, కొలత

అమ్మమ్మ పోయాక ఆవిడ బీరువాలోవీ ట్రంకుపెట్టెలోవీ కలిపితే 22 చీరలు తేలాయి. పట్టువి మూడే. మిగతావి నూలు: ఎక్కువగా మంగళగిరివి, చీరాలవి, నాలుగు వెంకటగిరివి, రెండు పెడన అద్దకం చీరలు, ఒక గద్వాల. తాతయ్య పంచెలు నాలుగు, ఉతికి మడతపెట్టి మధ్యలో వేపాకు వేసి ఉన్నాయి. అమ్మమ్మ తనకంటూ మిగుల్చుకున్న బట్టలు ఇవే. మంచివన్నీ కూతుళ్ళకీ కోడళ్ళకీ ఎప్పుడో పెట్టేసింది.

ఈ నూలుచీరలతో ఒక బొంత కుట్టాలి. కప్పుకోవడానికి, ఉతకడానికి పనికొచ్చే బొంత. వెడల్పు 60 అంగుళాలు, పొడవు 84 అంగుళాలు, అంటే పెద్దవాళ్ళకి కాళ్ళ దాకా వస్తుంది.

పైపొర 6 అంగుళాల చదరపు ముక్కలు. అడ్డంగా 10, నిలువుగా 14, మొత్తం 140. కొత్త గుడ్డకు పావంగుళం కుట్టు చాలు. పాత నూలు అంచున పోగులూడుతుంది కాబట్టి నాలుగు పక్కలా అర అంగుళం వదలాలి, అంటే కోత కొలత 7 అంగుళాలు. చీర వెడల్పు 45 అంగుళాల్లో రెండు అంచులూ తీసేస్తే 38, 39 మిగులుతుంది. అందులో అడ్డంగా ఐదు ముక్కలు, గజం పొడవులో ఐదు వరసలు, గజానికి 25 ముక్కలు. 140 ముక్కలకు ఆరు గజాలు సరిపోతాయి.

ఈ లెక్క ముందే వేసుకోవడం చాలా ముఖ్యం. చీరలతో బొంత అనగానే అన్నిటికీ కత్తెర పెట్టేస్తారు. నిజానికి పది చీరల్లో ఒక్కోదాన్నించి ముప్పావు గజం తీసినా పైపొరకు చాలు. ఒకే చీరనుంచి ఎక్కువ గుడ్డ పట్టేది అడుగుపొర, దానికి ఒక చీరలో సగానికి పైగా పోతుంది. మిగిలినవి చీరలుగానే ఉంటాయి.

ముక్కలు ఎక్కడినుంచి తీయాలన్నదే అసలు ప్రశ్న. గట్టిగా ఉన్న చోట్లనుంచే తీస్తే బొంత బాగా నిలుస్తుంది, కానీ అందులో అమ్మమ్మ ఉండదు. ఆవిడ పని అంతా అరిగిన చోట్లలో ఉంది. అందుకని సగం ముక్కలు గట్టి చోట్లనుంచి, సగం అరిగిన చోట్లనుంచి తీసి, అరిగినవాటికి వెనక గుడ్డ వేసి నిలబెట్టాలని అనుకున్నాం. తర్వాతి పనంతా ఈ నిర్ణయాన్నిబట్టి నడిచింది.

మాఘం: చీర చదవడం

ప్రతి చీరనీ పగటి వెలుగులో కిటికీకి అడ్డంగా పట్టి చూడాలి. పలచబడ్డ చోటు వెంటనే తెలిసిపోతుంది. ఇద్దరు పట్టుకుని మెల్లగా జరుపుతూ పోతే ఒక కొసనుంచి ఇంకో కొస దాకా పావుగంటలో అయిపోతుంది. నీలం చాక్‌తో గుర్తు పెట్టాం. ఎరుపు చాక్ పాత తెల్లగుడ్డలో ఉండిపోతుంది.

నడుముకు ఎడమ పక్క వచ్చే చోటు దాదాపు అన్ని చీరల్లోనూ పలచబడి ఉంది. నీళ్ళబిందె చంకనెత్తుకున్నా పిల్లల్ని చంకనేసుకున్నా రాపిడి అక్కడే. కుచ్చిళ్ళ కింది అంచు కుచ్చులా ఊడిపోయి ఉంటుంది, ఏ చీరకైనా అంతే. కొంగు చివరి జానెడు మాత్రం అమ్మమ్మదే. చేతులు తుడుచుకున్నది, పిల్లల మూతులు తుడిచింది, మసిగుడ్డ అందనప్పుడు అన్నపుగిన్నె దించింది ఆ జానెడుతోనే. వేడిగిన్నె పట్టిన చోట గుడ్డ గోధుమరంగుకు కమిలి ఉంటుంది. అది మరక కాదు, పోగే కాలిపోయింది. ఎంత ఉతికినా పోదు, గట్టిగా రుద్దితే చిల్లు పడుతుంది.

కొంగు మూల చిల్లర ముడేసుకునే చోటు. అక్కడ పోగులు పక్కకి జరిగిపోయి జల్లెడపడ్డట్టు ఉంటాయి. భుజం దగ్గర పిన్నీసు చిల్లులు, వాటి చుట్టూ తుప్పు. ఆవగింజంత చిల్లులు మూడు నాలుగు ఒకే చోట ఉండి అంచు నల్లగా ఉంటే అవి కట్టెలపొయ్యి నిప్పురవ్వలవి. వెండిపురుగు తిన్న చిల్లుకు ఆ నలుపు ఉండదు, అంచు పలచగా గీకినట్టుంటుంది. పురుగు వచ్చింది గంజి కోసం. గంజి పెట్టి దాచిన చీరల్నే తింది, పెట్టనివాటి జోలికి పోలేదు.

నడుములో దోపుకునే లోపలి చెరగు ఎప్పుడూ ఎండ చూడదు. చీర అసలు రంగు అక్కడ తెలుస్తుంది. ఇప్పుడు బూడిదరంగులో ఉన్న ఒక చీరాల చీర లోపలి చెరగు దగ్గర ముదురు నేరేడుపండు రంగులో ఉంది. అక్కడో ముక్క, బయటి భాగంలో ఒక ముక్క తీసి పక్కపక్కన పెట్టాలని రాసుకున్నాం.

కొంగుకు ఎదురు మూలన ఉన్న చాకలిగుర్తులు కూడా వదల్లేదు. నల్లజీడి రసంతో వేసిన చుక్కలూ గీతలూ ఎన్ని ఉతుకులకైనా నిలిచాయి. ఆ ఇంటి బట్టలని గుర్తుపట్టడానికి పెట్టినవి అవి.

చీరకో నంబరు, పుస్తకంలో చీరకో పేజీ. చీరనుంచి రెండంగుళాల నమూనా తీసి ఆ పేజీకి దారంతో కుట్టాం. గుండుసూది, స్టేప్లర్ పిన్ను రెండూ వానాకాలం దాటేసరికి తుప్పు దించుతాయి. గమ్ములో పిండి ఉంటే పురుగు వస్తుంది. రాసిందంతా పెన్సిలుతోనే, తడిస్తే సిరా పాకుతుంది. కోసేముందు చీర మొత్తాన్ని పరిచి, పక్కన టేపు పెట్టి ఫొటో తీయాలి. తర్వాత ఏ ముక్క ఎక్కడిదో తేల్చడానికి అదొక్కటే దారి.

ఈ పుస్తకం నింపడానికి పెద్దమ్మనీ పిన్నినీ మామయ్యల్నీ అడగాల్సి వచ్చింది. “అమ్మమ్మ గురించి చెప్పండి” అంటే ఎవరైనా “దేవత, అందరికీ చేసింది” అని ఆగిపోతారు. చీర చేతిలో పెట్టి “ఇది ఎప్పటిది, ఎవరు పెట్టారు, ఇది కట్టుకుని ఏం చేసేది” అని అడిగితే మాట సాగుతుంది. గుడ్డ చేత్తో తడుముతుంటే గుర్తొచ్చేవి వేరు. ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపాలి, ఫోన్‌ని మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టాలి, లేకపోతే బల్ల చప్పుడంతా ఎక్కుతుంది. ఒకసారికి మూడు చీరలు చాలు. అంతకు మించితే ఒకదాని కథ ఇంకోదాంట్లో కలిసిపోతుంది.

పుస్తకంలోంచి కొన్ని:

4. మంగళగిరి, పసుపు, నిజాం అంచు. పెద్దమామయ్య మొదటి జీతంతో కొన్నది. పండక్కి ఒకసారి కట్టుకుని దాచింది. తర్వాత కోడలి సీమంతం పనుల్లో రోజూ ఇదే. నడుము దగ్గర పలచన.

9. చీరాల, గళ్ళ చీర. ఆవకాయ చీర. ఏటా కాయ కొట్టే రోజు, కారం కలిపే రోజు ఇదే కట్టేది. కొత్త చీర పాడవకూడదని. నూనె మచ్చలు, పసుపు మచ్చలు.

13. వెంకటగిరి, ఆకుపచ్చ, సన్న జరీ. మడత విప్పలేదు. మనవరాలి పెళ్ళికి కట్టుకుంటానని పెట్టుకుంది.

16. పెడన అద్దకం, ఎరుపు నలుపు. పిన్ని పురుళ్ళు రెండూ ఈ చీరలోనే పోసింది. సగం చీర అప్పుడే పొత్తిగుడ్డలకు చింపింది, మిగిలింది మూడు గజాలు.

పదమూడో నంబరుకు కత్తెర పెట్టం. మడతల మీద మాత్రం చీలకుండా గొట్టానికి చుట్టి దాచాం.

ఫాల్గుణం: గుడ్డ పరీక్ష, ఉతుకు

ముందు ఏది నూలో ఏది కాదో తేల్చాలి. అంచున నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని కాల్చి చూస్తే చాలు. కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద అయితే నూలు. వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడయ్యే నల్ల ఉండ అయితే పట్టు. కరిగి గట్టి పూసలా గడ్డకడితే పాలియెస్టర్ కలిసిన గుడ్డ. ఒక చీర నూలనుకున్నది పాలియెస్టర్ కలిసిందని తేలింది. దాన్ని పక్కన పెట్టాం. వేడికీ నీటికీ అది నూలుతో సమంగా స్పందించదు, పక్కముక్కను లాగేస్తుంది.

గద్వాల చీరకూ ఇదే ఇబ్బంది. ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెంటినీ నేతలోనే పోగుకి పోగు మెలేసి కలుపుతారు. ఉతుకుల్లో రెండూ ఒకేలా ముడుచుకోవు, పాతబడ్డాక అతుకు దగ్గర వదులవుతుంది. అందుకని అంచునుంచి ముక్క తీయలేదు, ఒళ్ళు మాత్రమే తీసుకున్నాం.

బలం చూడడానికి: రెండు బొటనవేళ్ళూ అంగుళం దూరంలో ఆనించి ఎడంగా లాగాలి, పడుగు (నిలువు పోగుల) దిక్కున ఒకసారి, పేక (అడ్డ పోగుల) దిక్కున ఒకసారి. పటపటమని చప్పుడొస్తే ఆ చోటు వెనక గుడ్డ వేసినా నిలవదు. సాగి మళ్ళీ సర్దుకుంటే వెనక గుడ్డతో వాడొచ్చు. కదలకుండా ఉంటే ఏ దన్నూ అక్కర్లేదు.

తర్వాత గంజి వదలగొట్టడం. గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, నీళ్ళు మార్చి ఇంకోసారి. పోయిందో లేదో తెలుసుకోవడానికి ఊడదీసిన పోగు మీద పలచన చేసిన టింక్చర్ అయొడిన్ ఒక చుక్క వేయాలి. నీలంగానో నల్లగానో మారితే గంజి ఉన్నట్టే. గంజి మిగిలితే బొంతలోకి పురుగు మళ్ళీ వస్తుంది. ఈ మెట్టు దాటేయకూడదు.

రంగు వదిలే చీరలు వేరు చేయాలి. మూలను సబ్బునీళ్ళతో తడిపి తెల్లగుడ్డ మధ్య అరగంట బరువు కింద పెట్టాలి. ఎరుపులూ నలుపులూ అనుమానించాలి. ఉప్పునీళ్ళలో వేస్తే రంగు ఆగుతుందని అంతటా అంటారు. వదిలేస్తున్న రంగును ఉప్పు పట్టి ఉంచదు. వేరుగా, చల్లనీళ్ళలో, నీళ్ళు తేరేదాకా ఉతకడమే మందు. అప్పటికీ వదులుతుంటే ఆ చీర తెల్లముక్క పక్కకి రాకూడదు.

ఉతకడానికి కుంకుడుకాయ. ఎనిమిది లీటర్ల నీళ్ళకు పది పన్నెండు కాయలు, గింజ తీసి రాత్రి నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టాలి. పిప్పి ఉంటే మచ్చ పడుతుంది. తెల్లపంచెలకు కుంకుడు వద్దు, చిక్కటి రసం గోధుమరంగు దించుతుంది. వాటికి మెత్తటి ద్రవపు సబ్బు వాడాం. బ్లీచింగ్ ఏ రకమైనా వద్దు. నల్లబూజు చుక్కలు ఎలాగూ పూర్తిగా పోవు, పోగు మాత్రం చచ్చిపోతుంది.

తొమ్మిదో నంబరు పసుపు మచ్చలు సబ్బు తగలగానే ఎర్రగా మారాయి. క్షారం తగిలితే పసుపు ఎరుపవుతుంది, కుంకుమ తయారీలో సున్నం చేసే పని అదే. కంగారుపడి రుద్దకూడదు. బాగా జాడిస్తే తిరిగి పసుపుకి వస్తుంది, ఎండలో పెడితే క్రమంగా వెలిసిపోతుంది. వెలిసిపోకూడదనే ఆ చీరను నీడలో ఆరబెట్టాం. తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు పనిచేస్తాయి కానీ అక్కడ పోగు అప్పటికే బలం పోయి ఉంటుంది. పులుపు పూర్తిగా జాడించకపోతే ఇంకా తింటుంది.

ఆరబెట్టడం తీగ మీద కాదు. తడిచీర బరువంతా ఒకే గీతన పడి పాత మడత దగ్గర చీలుతుంది. నులకమంచం మీద తెల్లదుప్పటి పరిచి దాని మీద వేయాలి.

చైత్రం: కోత, దన్ను

ముందు జరీ విప్పాలి. మంగళగిరి అంచుల్లో జరీ మొహానికి గీసుకుంటుంది, నల్లబడ్డ జరీ పక్కగుడ్డకు మరక దించుతుంది. జరీ అంచులు విడిగా తీసి చుట్ట చుట్టి పెట్టాం. పాత వెండిజరీ కొనేవాళ్ళు వీధుల్లో తిరుగుతుంటారు, వాళ్ళకి ఇచ్చే ఉద్దేశం లేదు.

7 అంగుళాల అట్ట కోసి పెట్టుకుని దాని చుట్టూ చాక్ గీసి కోయాలి. పాత గుడ్డను నాలుగు మడతలేసి ఒకేసారి కోస్తే కిందిముక్కలు వంకరపోతాయి. ఒక్క పొరే కోయాలి. అట్ట అంచు పోగు వెంబడి ఉండాలి. క్రాస్‌గా పడ్డ ముక్క కుట్టేటప్పుడు సాగి వరసంతా పాడుచేస్తుంది.

అరిగిన ముక్కలకు వెనక మల్లుగుడ్డ, అంటే పలచటి నూలుగుడ్డ. 44 అంగుళాల పన్నాలో వరసకు ఆరు ముక్కలు. 70 ముక్కలకు 12 వరసలు, 84 అంగుళాలు, అంటే రెండుంబావు మీటర్లు కొంటే సరిపోతుంది. కొత్త గుడ్డ ముందుగా రాత్రంతా నానబెట్టి ఆరబెట్టకపోతే మొదటి ఉతుకులో అది ముడుచుకుని పైన చీరముక్క బుడగలా లేస్తుంది. ఇస్త్రీతో అంటుకునే పేస్టింగ్ వాడమని చాలామంది దర్జీలు చెబుతారు. జాకెట్టుకు బాగుంటుంది కానీ బొంతకు వద్దు. ఉతుకుల్లో జిగురు వదిలి బొబ్బలు లేస్తుంది, చేతిసూది దాంట్లో దిగదు.

నిప్పురవ్వల చిల్లులను పూర్తిగా రఫూ చేసి మూసెయ్యలేదు. వెనక మల్లుగుడ్డ పెట్టి, చిల్లు చుట్టూ పావంగుళం దూరంలో చిన్న కుట్లతో రెండు చుట్లు వేస్తే చిల్లు అక్కడే ఆగుతుంది, కనిపిస్తుంది కూడా. దారం అదే చీర లోపలి చెరగునుంచి లాగిన పోగు. పాత చీర అంచు పోగులు లాగి బొంతకే వాడడం బెంగాల్ కాంథా కుట్టేవాళ్ళకి పాత అలవాటు, రంగు వెతుక్కునే పని ఉండదు. పోగు బలహీనం కాబట్టి రెండు కలిపి, తేనెమైనం మీద లాగి వాడాలి. కొంగుమూల ముడి చోటుకు చుట్లు చాలవు, మొత్తం మల్లుగుడ్డకు అడ్డంగా పావంగుళానికో వరస కుట్టాల్సిందే.

వైశాఖం: అమరిక, అతుకు

నేలమీద తెల్లదుప్పటి పరిచి 140 ముక్కలూ అమర్చాం. ఒకసారి ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి చూస్తే ముదురు రంగులన్నీ ఒక పక్కకి పేరుకున్నది తెలిసిపోతుంది. రంగుల్లో చూస్తే అది కంటికి అందదు.

అందం కంటే ముందు చూడాల్సింది అరుగుదల. బొంత అంచులే ఎక్కువ నలుగుతాయి, చేత్తో పట్టి లాక్కునేది అక్కడే. కాబట్టి చుట్టూ రెండు వరసల్లో గట్టి ముక్కలే ఎక్కువ, బాగా బలహీనమైనవన్నీ మధ్యకు. ఒక్క మినహాయింపు కొంగు ముక్కలు. అవి తలవైపు, మొహానికి తగిలేచోట ఉండాలని పెద్దమ్మ పట్టుబట్టింది. ఆ పది ముక్కలకూ రెండు పొరల మల్లుగుడ్డ వేసి మూడో వరసలో పెట్టాం. మెడ దగ్గర బొంత మడిచి కప్పుకుంటే పైకి వచ్చేది ఆ వరసే.

మెషిన్‌కి 11 నంబరు సూది. దర్జీలు మామూలుగా వాడే 14, 16 పాత నూలులో రంధ్రం మిగులుస్తాయి. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు. అంతకంటే దగ్గరగా కుడితే ఆ గీత వెంబడే చిరుగుతుంది. నూలుదారమే వాడాలి. పాలియెస్టర్ దారం గుడ్డకంటే గట్టిది, లాగినప్పుడు తెగాల్సింది దారం కానీ గుడ్డ కాకూడదు. దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు.

కుట్టు అర అంగుళం కచ్చితంగా రావడానికి సూదినుంచి కొలిచి మెషిన్ పళ్ళెం మీద టేపు అంటించాలి. ఒక్కో అతుకు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరు తేడా వచ్చినా పది ముక్కల వరసలో తొమ్మిది అతుకులు, చివరికి అర అంగుళం తేలుతుంది. వరస అయిపోగానే కొలవాలి, 61 రావాలి (రెండు చివరలా కుట్టుకు వదిలిన అర అంగుళాలతో). తేడాని లాగి సరిచేస్తే తర్వాత బొంత అలలు తేలుతుంది, విప్పి కుట్టడమే మేలు. వెనక మిగిలిన గుడ్డను రెండు పక్కలకీ విప్పి ఇస్త్రీ చేయడం దర్జీల అలవాటు. పాతగుడ్డకు అలా చేస్తే బరువంతా దారం మీద పడుతుంది. రెండూ కలిపి ఒక పక్కకే, వీలైనచోట ముదురురంగు వైపు వాల్చాలి. పక్కపక్క వరసల్లో ఎదురు దిక్కులకు వాలిస్తే మూలలు ఒకదాంట్లో ఒకటి సర్దుకుంటాయి.

జ్యేష్ఠం: అడుగు, మధ్య

అడుగుపొరకు 11వ నంబరు, ముదురు నీలం చీరాల చీర. 64 అంగుళాల పొడవున్న రెండు ముక్కలు అంచు అంచు కలిపి కుడితే పాత చీర పన్నా 44 కాబట్టి కుట్టు పోగా 87 వస్తుంది. కావలసింది 84. పొడవు దిక్కున రెండు పక్కలా ఒకటిన్నర అంగుళం, వెడల్పు దిక్కున రెండంగుళాలు మిగులుతాయి. కొంగుతో సహా దాదాపు రెండుంబావు మీటర్లు మిగిలింది.

మధ్యపొరకు దూది వద్దనుకున్నాం. ఏకిన దూది వేస్తే ప్రతి రెండంగుళాలకీ కుట్టు పడాలి, లేకపోతే ఉతికినప్పుడు ఉండకడుతుంది. మన కోస్తా వేడికి దూది బొంత ఏడాదిలో రెండు నెలలే పనికొస్తుంది. తాతయ్య పంచెలు రెండు పొరలుగా వేశాం. పంచె పన్నా 50 అంగుళాలు, 60 అంగుళాల రెండు ముక్కలు కలిపితే 100. ఒక పొరలో అతుకు తలవైపునుంచి 40 అంగుళాల దగ్గర, ఇంకోదాంట్లో 48 దగ్గర వచ్చేలా జరిపి అదనం కోసేయాలి. అడుగుపొర అతుకు మధ్యలో, 42 దగ్గర ఉంటుంది. మూడూ ఒకేచోట పడితే నడుం కింద కట్టెలా ఒత్తుకుంటుంది. పంచెల అతుకు ఒకదానిమీద ఒకటి ఎక్కించకుండా అంచులు ఆనించి వంకరకుట్టుతో కలపాలి.

పరిచే క్రమం: అడుగుచీర బోర్లా, అంచుల్ని టేపుతో నేలకు అంటించి, దానిమీద పంచెలు, ఆపైన అమర్చిన పైపొర. మధ్యనుంచి బయటకు అరచేత్తో సాపు చేసుకుంటూ నాలుగంగుళాల ఎడంతో టాకాలు (తర్వాత విప్పేసే పొడుగు కుట్లు) వేయాలి. అక్కడక్కడ పిన్నీసులు పెడితే పని తొందరగా అవుతుంది నిజమే, కానీ వానలు మొదలయ్యాక చేతికుట్టు నెలలు పడుతుంది, పిన్నీసు తుప్పు దించుతుంది. టాకాలే నయం.

ఆషాఢంనుంచి భాద్రపదం: చేతికుట్టు

నిలువుగా 40 వరసలు, వరసకూ వరసకూ ఒకటిన్నర అంగుళం. ఒక్కో ముక్కలో నాలుగు వరసలు. అతుకునుంచి ముప్పావు అంగుళం దూరంలో మొదలుపెడితే వెనక మడిచిన అర అంగుళం తగలదు, సూది సులువుగా దిగుతుంది. అతుకు మీదే కుట్టబోతే ఎనిమిది తొమ్మిది పొరలవుతాయి, సూది విరుగుతుంది.

దారం: ఆరుపోగుల ఎంబ్రాయిడరీ దారంలో మూడు పోగులు. 40 వరసలు, వరసకు 84 అంగుళాలు కలిపి 85 మీటర్లు. ముందుకుట్టులో దారం పైకీ కిందికీ పోతుంది కాబట్టి మూడోవంతు ఎక్కువ వేసుకుంటే సుమారు 113. ఎనిమిది మీటర్ల చుట్టలో మూడు పోగుల లెక్కన 16 మీటర్లు. అంటే ఏడు పైచిలుకు, కొసలు పోతాయి కాబట్టి తొమ్మిది చుట్టలు, ఒకే లాటువి. మెరూన్ తీసుకున్నాం. కొనగానే ఒక ముక్కను వేడినీళ్ళలో ముంచి తెల్లకాగితం మీద పెట్టి చూడాలి, ఎర్రదారాలు రంగు వదులుతాయి.

దారం మూరన్నరకు మించి తీయకూడదు, పొడుగైతే గుడ్డలోంచి పోయినకొద్దీ పీచుబారుతుంది. అంగుళానికి మూడు కుట్లు. ఒకేసారి మూడు కుట్లు సూదికి ఎక్కించి లాగాలి. లాగడం కూడా మెల్లగా, గుడ్డ ముడత పడేంత బిగిస్తే వరస వరసకీ బొంత కుదించుకుపోతుంది.

కర్ణాటక సిద్దీ తెగ ఆడవాళ్ళు కవంది అనే తమ బొంతను అంచునుంచి మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ వస్తారు, ముక్కల్ని అప్పటికప్పుడు అమర్చుకుంటారు కాబట్టి వాళ్ళకది కుదురుతుంది. ముందే అతికిన పైపొరకు అలా చేస్తే మిగులు గుడ్డంతా మధ్యకు చేరి గుట్టలా లేస్తుంది. మధ్య వరసనుంచి రెండు పక్కలకీ పోవాలి.

ఒకే బొంత ఇద్దరు ముగ్గురు కుడితే చెయ్యి తేడా తెలుస్తుంది. పిన్ని కుట్టు చిన్నది, పెద్దమ్మది బారు. సరిచేయలేదు. వరస మధ్యలో చెయ్యి మారకుండా మాత్రం చూసుకున్నాం, మారితే అక్కడ లాగుడు తేడా వచ్చి ముడత పడుతుంది.

ఆశ్వయుజం: అంచు, పేరు

చేతికుట్టు అయ్యేసరికి బొంత పొడవులో రెండంగుళాలు తగ్గింది. మామూలే. ఇప్పుడు నాలుగు పక్కలా సాపుగా కోసి అంచుపట్టీ వేయాలి. చుట్టుకొలత 284, అతుకులకూ మూలలకూ 12 కలిపి 296 అంగుళాలు. జరీ లేని చీరాల చీర రెండు అంచులూ తీస్తే 400 దాటి వస్తుంది. రెండున్నర అంగుళాల వెడల్పు తీసి, ముందువైపు మెషిన్‌మీద అర అంగుళంలో కుట్టి, వెనక్కి మడిచి చేత్తో కుట్టాలి. మూల దగ్గర అర అంగుళం ముందే ఆపి, పట్టీని పైకి మడిచి, మళ్ళీ కిందికి తిప్పి మొదలుపెడితే మూల నలుచదరంగా కూర్చుంటుంది.

పేరుముక్క తెల్లపంచెలో మిగిలిన గుడ్డమీద. అమ్మమ్మ పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం, చనిపోయిన సంవత్సరం. తెలుగు అక్షరాల గుండ్రాలకు గొలుసుకుట్టు బాగా తిరుగుతుంది, కాడకుట్టు చిన్న వంపుల్లో విరిగినట్టుంటుంది. అక్షరం ఎత్తు ముప్పావు అంగుళానికి తగ్గితే వత్తులు ముద్దవుతాయి. వత్తు ఉన్న అక్షరాల కింద అర అంగుళం ఖాళీ ముందే గీసుకోవాలి. ఈ ముక్క కింద ఒక జేబు కుట్టి, ఏ వరసలో ఏ ముక్క ఏ నంబరు చీరదో రాసిన గుడ్డ పెట్టాం. కాగితం అయితే ఉతుకులో పోతుంది. అదీ పెన్సిలుతో రాసి, దాని మీద ఒంటిపోగుతో కుట్టినదే.

కార్తికం: మొదటి ఉతుకు, మిగిలిన గుడ్డ

పెద్ద టబ్బులో చల్లనీళ్ళు, కొద్దిగా ద్రవపు సబ్బు, పది నిమిషాలు ముంచి పైకీ కిందికీ ఒత్తడం అంతే. పిండకూడదు. కింద దుప్పటి పెట్టి ఇద్దరు దుప్పటితో సహా ఎత్తి మంచం మీద పరవాలి. పెడన ఎరుపు కొంచెం వదిలింది, ముందే ముదురు ముక్కల మధ్య పెట్టినందువల్ల ఎక్కడా కనబడలేదు. రెండు ముక్కలు అతుకు దగ్గర పోగులూడాయి, రెండూ మల్లుగుడ్డ లేనివే. పైనుంచి చిన్న కుట్లతో ఆపాం. బరువు ఆరాక కిలోన్నర లోపే.

దాచేటప్పుడు ప్రతి రెండు మూడు నెలలకీ మడతలు మార్చాలి. నూలు సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్ కవర్లో చెమ్మ ఆగి బూజు పడుతుంది. బాగా ఎండిన వేపాకు గుడ్డమూటలో కట్టి వేయాలి, పచ్చి ఆకు మరక చేస్తుంది.

మిగిలినవాటి పంపకం: పట్టుచీరలు మూడూ ముగ్గురు మనవరాళ్ళకి చీరలుగానే. మెత్తబడి బొంతకు పనికిరానివాటిని చదరాలుగా కోసి, అంచులు మడిచి పొత్తిగుడ్డలు కుట్టాం, పన్నెండు వచ్చాయి. చిన్నమామయ్య కోడలికి మాఘంలో పురుడు. పదహారో నంబరు పెడన చీర మూడు గజాల్లో ముక్కలు పోగా మిగిలిన రెండు గజాలు ఉయ్యాలకు అడిగారు. రెండు బలమైన కొసలూ మడిచి రెండేసి వరసలు కుట్టి ఇచ్చాం. అయితే పాతగుడ్డ ఒంటిపొరగా పసిపిల్ల బరువు మోయదు. లోపల కొత్త గాడాగుడ్డ (ముతక నూలుగుడ్డ) వేసి, బరువంతా దానిమీదే పడేలా, చీర పైన తొడుగుగా మాత్రమే ఉండాలని పుస్తకంలో రాసి చెప్పాం.

రెండో బొంత పెద్దమ్మకి. ముక్కలు 8 అంగుళాలకు పెంచుతున్నాం, ఎందుకంటే మిగిలిన గుడ్డలో కొంగు భాగాలే ఎక్కువ, ఆ కమిలిన మచ్చలు ముక్కలయిపోకూడదు. మల్లుగుడ్డ ఈసారి అన్నిటికీ. మధ్యపొరకు పంచెలు మిగల్లేదు, పెడనలో కరక్కాయ పట్టించిన గుడ్డ నాలుగు మీటర్లు తెప్పించి నానబెట్టాం.